కొలిచే చేతికి పాత పరికరం

విజయవాడకు ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న కొండపల్లి పేరు వినగానే బొమ్మలు స్ఫురిస్తాయి. అక్కడి శిల్పి తెల్లపొణికి కర్రను చేతిలోకి తీసుకొని, తడి ఆరినదో లేదో గ్రహించిన తరువాతనే ఉలి పెడతాడు. విద్యుత్ పరికరాలను బాగుచేసేవానికి ఇటువంటి సౌలభ్యం లేదు. తీగలో ప్రవహించే విద్యుత్తు కంటికి కనబడదు. తాకి చూడదగినది కాదు. కొలిచే పరికరమే అతనికి కన్ను. ‘కొలుచు’ అనే క్రియకు తెలుగులో సేవించుట అనే అర్థం కూడా ఉండడం ఇక్కడ స్మరణీయం.

ఆ ఊరిలోనే ఒక యువకుడు ఇంటి వసారాలో రేడియోలు, ఆంప్లిఫయర్లు, ఇన్వర్టర్లు బాగుచేసే చిన్న పనిగది ఏర్పాటు చేసుకొనదలచాడనుకుందాం. అన్నింటినీ కొత్తవిగా కొనే స్తోమత అతనికి ఉండదు. కళాశాలలూ, కర్మాగారాలూ తొలగించిన పరికరాలు వేలంపాటల ద్వారా వర్తకులను చేరుతుంటాయి. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ, చెన్నైలోని రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్ సామగ్రికి పేరుపొందిన తావులు. అక్కడ ధర తక్కువే. దోషాన్ని పట్టుకొనే బాధ్యత మాత్రం కొనేవానిదే.

మొదట కావలసినది మల్టీమీటరు. బ్రిటిష్ తపాలా శాఖలో ఇంజనీరైన డొనాల్డ్ మకాడీ మూడు నాలుగు మీటర్లను మోయలేక వాటిని ఒకే పెట్టెలో ఇమిడ్చాడు. అది 1923లో ‘ఆవో మీటరు’గా వెలువడింది. ముల్లు కదిలే అటువంటి పాత మీటరు చూడ ముచ్చటగా ఉంటుంది. అయితే అది తాను కొలిచే వలయం నుండే కొంత విద్యుత్తును గ్రహిస్తుంది. 10 వోల్టులకు వరుసగా కలిపిన రెండు 100 కిలో ఓముల నిరోధాల నడుమ నిజంగా ఉండేది 5 వోల్టులు. వోల్టుకు 20,000 ఓముల మీటరును 10 వోల్టుల శ్రేణిలో ఉంచి చూస్తే 4 వోల్టులే చూపుతుంది. 10 మెగా ఓముల డిజిటల్ మీటరైతే సుమారు 4.98 వోల్టులు చూపుతుంది. ఈ తేడా తెలియనివాడు బాగున్న భాగాన్ని చెడిందని భావించి పీకివేస్తాడు. కాబట్టి సాధారణమైనదే అయినా మంచి డిజిటల్ మీటరు మేలు. కొనేముందు వెనుక మూత విప్పించి చూడాలి. బ్యాటరీ కారిన మరకలు, ఫ్యూజు స్థానంలో రాగితీగ కనిపిస్తే దానిని వదలివేయాలి. ఆంపియర్ల రంధ్రంలో తీగ ఉండగా పొరపాటున 230 వోల్టులను తాకిస్తే, ఆ రాగితీగ చేతిలోనే మంటగా మారగలదు.

తరువాతిది ఆసిలోస్కోపు. 1897లో బ్రౌన్ కనుగొన్న కాథోడ్ కిరణ నాళికే దీనికి మూలం. వర్తకుడు 100 మెగాహెర్ట్జ్‌ల పరికరాన్ని పొగడవచ్చు. వసారా పనికి అంత అవసరం లేదు. మానవుడు వినగల ధ్వని 20 కిలోహెర్ట్జ్‌లకు మించదు. రేడియోలోని మధ్యమ పౌనఃపున్యం 455 కిలోహెర్ట్జ్‌లే. 20 మెగాహెర్ట్జ్‌ల స్కోపు వీటన్నింటికీ ధారాళంగా చాలుతుంది. ఆ పరిమితి వద్ద తరంగం ఎత్తు సుమారు 70 శాతంగానే కనిపిస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి. అంగడిలోనే అరగంట సేపు వేయించి చూడడం అవసరం. ముందు భాగంలో సాధారణంగా ఉండే 1 కిలోహెర్ట్జ్ పరీక్షా తరంగం చదరంగా నిలవాలి. గీత సన్నగా ఉండాలి. మీటలు తిప్పినప్పుడు అది ఎగిరిపడరాదు. విదేశాలనుండి వచ్చిన పరికరమైతే వెనుకనున్న వోల్టేజి మీట 115 మీద ఉన్నదేమో చూడనిదే ప్లగ్గు పెట్టరాదు. లోపల రెండువేల వోల్టులు ఉండవచ్చు; ఆపిన తరువాత కూడా కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది.

పవర్ సప్లై, సిగ్నల్ జనరేటరు పని పెరిగినప్పుడు కొనుక్కోవచ్చు. వాటికంటె ముందు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు ఉండాలి. ఆసిలోస్కోపు భూక్లిప్పు ప్లగ్గులోని ఎర్త్‌తో కలిసి ఉంటుంది. మెయిన్సుకు నేరుగా తగిలి ఉండే టీవీ భాగానికి దానిని తగిలిస్తే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మరు మీదుగా టీవీకి కరెంటు ఇస్తే ఈ చిక్కు తొలగుతుంది. ఖర్చు తప్పించుకొనడానికి కొందరు స్కోపు ప్లగ్గులోని ఎర్త్ తీగను తెంచివేస్తారు. అప్పుడు స్కోపు లోహపు పెట్టె అంతా మెయిన్సు వోల్టేజి పొందుతుంది. దానిమీద చేయి వేసినవానికి ఏ హెచ్చరికా ఉండదు.