కాఫీ కూజాతో మొదలైన చూపు

1991లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటరు ప్రయోగశాలలో పరిశోధకులకు ఒక చిన్న చిక్కు ఉండేది. పలువురికి కలిపి కాఫీ యంత్రం ఒక్కటే. అది ‘ట్రోజన్ రూమ్’ అనే గది వద్ద ఉండేది. ఇతర అంతస్తులవారు మెట్లెక్కి దిగి వచ్చేసరికి కూజా తరచు ఖాళీగా కనిపించేది.

క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు ఇందుకు ఒక ఉపాయం ఆలోచించారు. కూజాకు ఎదురుగా ఒక కెమేరాను నిలిపి, దానిని కంప్యూటరుకు కలిపారు. నిమిషానికి సుమారు మూడుసార్లు మారే నలుపు తెలుపు బొమ్మ సహచరుల బల్లలమీది తెరలపై కనిపించసాగింది. కూజా నిండేది నిదానంగానే గనుక ఆ వేగం చాలింది. 1993 నవంబరులో ఆ బొమ్మను ‘వెబ్’కు అనుసంధించారు. కేంబ్రిడ్జి నగరాన్ని ఎన్నడూ చూడనివారు సైతం ఖండాంతరాలనుంచి ఆ కూజాను తొంగిచూశారు. వెబ్ కెమేరా చరిత్రకు అదే నాంది.

పాత కోరిక, కొత్త కన్ను

దూరాన ఉన్నవారితో ముఖాముఖి మాట్లాడాలన్న కోరిక అంతకంటె పాతది. అమెరికాలోని ఎ.టి. అండ్ టి. సంస్థ 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ‘పిక్చర్ ఫోన్’ను ప్రజల ముందుంచింది. 1970లో పిట్స్‌బర్గ్ నగరంలో చందాదారులకు అందించింది. నెలకు చందా 160 డాలర్లు! పైగా అవతలివారి వద్ద కూడా అదే పరికరం ఉండాలి. చందాదారులు బహు కొద్దిమందే చేరారు. ఆ ప్రయత్నం క్రమంగా మూలబడింది.

ధనికులకే దక్కని వస్తువును సామాన్యుని బల్లమీదికి తెచ్చినది 1994లో కనెక్టిక్స్ అనే అమెరికన్ సంస్థ విడుదల చేసిన ‘క్విక్‌క్యామ్’. అరచేతిలో ఇమిడే బంతివంటి ఆకారం. సుమారు 100 డాలర్ల వెల. రంగులు లేవు, బూడిదవర్ణంలో 16 ఛాయలు మాత్రమే. 1998లో లాజిటెక్ సంస్థ ఈ కెమేరాల వ్యాపారాన్ని 2 కోట్ల 50 లక్షల డాలర్లకు కొనుగోలు చేసింది. అంతకు ముందే రంగులు వచ్చాయి, ఆపైన స్పష్టత హెచ్చింది.

ఈ కెమేరా ఎదుర్కొన్న అసలు కష్టం దారి ఇరుకు కావడం. క్విక్‌క్యామ్ చిత్రంలో అడ్డంగా 320, నిలువుగా 240, వెరసి 76,800 చుక్కలు. ఆనాటి వేగవంతమైన మోడెము ద్వారా అటువంటి బొమ్మ ఒక్కటి యథాతథంగా పంపాలంటే దాదాపు 11 సెకన్లు పడుతుంది. అందుకే శాస్త్రజ్ఞులు ఒక యుక్తి పన్నారు. మాట్లాడే మనిషి వెనుక గోడ కదలదు. కదిలేవి పెదవులు, కనురెప్పలు. మారిన భాగాన్ని మాత్రమే పంపితే చాలును. 1992లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ‘సీ-యూ-సీ-మీ’ ఈ సూత్రంతోనే పనిచేసింది.

చూపులు ఎందుకు కలవవు?

ఈ సంభాషణలో ఒక వింత లోపముంది. కెమేరా తెరకు పైన ఉంటుంది. ఆత్మీయుని ముఖం తెర నడుమ ఉంటుంది. అతని కళ్లలోకి చూస్తే అతనికి మనం తల దించుకున్నట్టు కనిపిస్తాము. కెమేరాను చూస్తే అతని ముఖం మనకు కనిపించదు. అతని బొమ్మను తెరపై అంచుకు జరపడం, వెలుగు మన వీపునుంచి కాక ముఖంమీద పడేట్టు కూర్చోవడం కొంత మేలు చేస్తాయి.

లోపమున్నా చూపు చూపే. భారత సర్వోన్నత న్యాయస్థానం 2003లో, అమెరికాలోని వైద్యుని సాక్ష్యం వీడియో ద్వారా స్వీకరించవచ్చునని తీర్పునిస్తూ, ‘సమక్షం’ అంటే దేహంతో హాజరు కావడమే కానక్కరలేదని వివరించింది. తెలుగునాట ఎందరో తల్లిదండ్రులకు ఆ సంగతి తీర్పుతో నిమిత్తం లేకుండానే తెలుసు. ఇక్కడ తెల్లవారేసరికి అమెరికాలో పొద్దుగూకుతుంది. ఆ వేళకు తెర ముందు కూర్చుని, ఎత్తుకోలేని మనుమడికి కొత్తగా వచ్చిన పళ్లు చూసి మురిసిన అవ్వలున్నారు. 2020లో మహమ్మారి ఇళ్ల తలుపులు మూయించినప్పుడు బడి, కచేరి, పరామర్శ అన్నీ ఈ కంటి గుండానే సాగాయి. లోకమంతటా వెబ్ కెమేరాలకు కరవు వచ్చింది.

అయితే కిటికీ అన్నది రెండువైపులా తెరచుకుంటుంది. 2010లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక పాఠశాల యాజమాన్యంపై, విద్యార్థులకిచ్చిన కంప్యూటర్ల కెమేరాల ద్వారా వారి ఇళ్లలోని దృశ్యాలు తీసిందన్న అభియోగం వచ్చింది. యాజమాన్యం 6,10,000 డాలర్లకు రాజీపడవలసి వచ్చింది. 2016లో వెలువడిన ఒక ఛాయాచిత్రంలో ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ కంప్యూటరు కెమేరాకు అతికించిన పట్టీ లోకమంతా చూసింది. లోకులను కలిపిన వ్యాపారియే తన గదికి తెర వేసుకున్నాడన్నమాట!

2001 ఆగస్టు 22న కేంబ్రిడ్జి కెమేరాను ఆపివేశారు. ఆ కూజాను వేలంలో జర్మనీకి చెందిన ‘డెర్ స్పీగెల్’ పత్రిక 3,350 పౌనులకు కొన్నది. కూజాకు సిగ్గు లేదు, దాచుకొనవలసినది లేదు. మనిషికి రెండూ ఉన్నాయి. అందుచేత మాట ముగిశాక, అతిథిని సాగనంపి తలుపు వేసుకున్నట్టే, ఆ చిన్న కంటికి మూత వేయడం కూడా గృహస్థ ధర్మమే.