పరుగెత్తేవారి కాళ్ళ నొప్పులు

బెజవాడలో తెల్లవారకముందే లేచి పరుగెత్తేవారికి ఈ రోజుల్లో కొదవలేదు. కృష్ణ ఒడ్డున కొందరు, ఇందిరాగాంధీ స్టేడియంలో కొందరు, చుట్టుపక్కల పల్లెల్లో కాలవగట్ల మీద మరికొందరు. మధుమేహానికి జడిసి నలభయ్యో యేట మొదలుపెట్టిన పెద్దలున్నారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రవాళ్ళున్నారు. మూడోనాటికి అందరికీ వచ్చే బాధ ఒక్కటే, కాళ్ళ నొప్పులు. పెద్దాయన "ఇది మనవల్ల కాదు" అని మానుకుంటాడు. కుర్రవాడు పళ్ళు బిగించి మరింత పరుగెత్తుతాడు. తరచు ఇద్దరూ చేసేది పొరపాటే. ఎందుకంటే నొప్పులన్నీ ఒక్కటి కావు.

పరుగెత్తిన మర్నాడు తొడలూ పిక్కలూ బిగుసుకుపోతే కంగారుపడనక్కరలేదు. అలవాటు లేని శ్రమకు కండరాల పోగులు అతి సూక్ష్మంగా దెబ్బతింటాయి. శరీరం వాటిని బాగుచేసుకునేటప్పటి నొప్పి అది. రెండు మూడు రోజులు బాధించి, వారంలోగా దానంతట అదే పోతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకోవటమే ఇందుకు కారణమని పూర్వం అనుకునేవారు. కాని పరుగు ఆపిన గంటా గంటన్నరలోనే అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఇంద్రకీలాద్రి ఎక్కటంకంటే దిగటంవల్లనే నొప్పులెక్కువ. దిగేటప్పుడు కండరం సాగుతూ బరువు మోయాలి మరి!

ఇందుకోసం మంచమెక్కవలసిన పనిలేదు. మెల్లగా నడవండి. పప్పూ పెరుగూ తినండి. కంటినిండా నిద్రపోండి. నువ్వులనూనెతో తేలికగా మర్దన చేస్తే హాయిగా వుంటుంది.

కాలి ముందరి ఎముక లోపలి అంచున నాలుగైదు వేళ్ళ మేర నొప్పి పుడితే మాత్రం అది హెచ్చరిక. పరుగు తగ్గించాలి. లక్ష్యపెట్టకపోతే ఎముక సన్నగా పగలవచ్చు. అప్పుడు ఒకేచోట వేలుపెట్టి చూపగలిగేటంత నొప్పి వుంటుంది, రాత్రిళ్ళు కూడా వదలదు. కవాతు చేసే సైనికుల పాదాల్లో ఈ బాధను 1855లో ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హౌప్ట్ వర్ణించాడు. అవి ఎముక పగుళ్ళని ఎక్స్‌రే వచ్చాక గాని తెలియలేదు. మొదటి వారాల్లో ఎక్స్‌రేలోనూ కనపడకపోవచ్చు. మానటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈలోగా ఉద్యోగపరీక్ష దాటిపోతుంది!

ఒక్క కాలే వాచి, ఎర్రబడి, వేడిగా వుంటే మర్దన చేయవద్దు. రక్తం గడ్డకట్టి వుండవచ్చు. మూత్రం టీ రంగులో వచ్చినా వెంటనే డాక్టరును చూడాలి. మధుమేహం వున్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది కనుక, రోజూ పాదాల అడుగున పొక్కులు చూసుకోవాలి.

కొత్తవారు మొదటి పదిరోజులూ అరగంట నడిస్తే చాలు. తరువాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. వారానికి మూడు రోజులు, నడుమ ఒకరోజు విశ్రాంతి. పక్కవారితో మాట్లాడుతూ పరుగెత్తగలిగితే ఆ వేగం సరిపోయిందన్నమాట. ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు, ఒకసారి పోయివచ్చేటంత దూరం ఆరంభంలో చాలు. కాలవగట్టు మెత్తనే గాని ఎగుడుదిగుడు. వానపడితే నల్లరేగడి జారుతుంది. ఎండాకాలం సూర్యోదయానికి ముందే ముగించి, ఉప్పు వేసిన మజ్జిగ తాగండి.

పోలీసు పరీక్షకు వెళ్ళే అబ్బాయిలూ అమ్మాయిలూ తేదీ ప్రకటించేవరకు ఆగక, మూడు నెలల ముందే మొదలుపెట్టటం మంచిది.