‘రాసిన మందు’: పోవిడోన్ అయోడిన్ సురక్షిత వినియోగం – జహీరాబాద్ ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం:
గాయాలకు వైద్యులు సూచించే యాంటీసెప్టిక్ ఔషధాలలో పోవిడోన్ అయోడిన్ ముఖ్యమైనది. దాని పనితీరు, గాఢత, నిషేధాలు వైద్యశాస్త్రంలో స్పష్టంగానే ఉన్నాయి. అయితే అవి రోగికి చేరేది వాడుకమాటల ద్వారా. బహుభాషా ప్రాంతమైన జహీరాబాద్‌ను దృష్టిలో ఉంచుకొని, ఈ ఔషధాన్ని వాడవలసిన తీరును, ఆ తీరు మాటలలో జారిపోయే సందర్భాలను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: పోవిడోన్ అయోడిన్, యాంటీసెప్టిక్, వైద్యపరిభాష, జహీరాబాద్, కుక్కకాటు.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదుకు పడమరగా సుమారు 100 కి.మీ. దూరంలో, 65వ జాతీయ రహదారిపై, కర్ణాటకలోని బీదర్ జిల్లాకు చేరువలో జహీరాబాద్ ఉంది. 2016 అక్టోబరులో ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో ఇది భాగం. అంతకుముందు మెదక్ జిల్లాలో ఉండేది. చెరకు, అల్లం, ఆలుగడ్డ ఇక్కడి పేరుపొందిన పంటలు. చెరకు నరికే చోట, అల్లం తవ్వే చోట చేతికో కాలికో తెగడం వింత కాదు. తెగిన చోట మట్టి చేరడమూ వింత కాదు. తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడ, మరాఠీ మాటలు కలగలిసి వినిపించే ఈ ప్రాంతంలో మందు సీసాపై ఉండే ఆంగ్ల అక్షరాలకు, వాడే మనిషికి మధ్య దూరం ఎక్కువ. ఆ దూరాన్ని పూడ్చేది మందుల దుకాణంలో చెప్పే ఒకటి రెండు వాక్యాలే.

2. పేరుతో వచ్చే చిక్కు:
తెలుగులో ‘మందు’ అంటే ఔషధం. పొలానికి చల్లే పురుగుమందూ మందే, ఎరువూ మందే, సారా కూడా మందే. యాంటీసెప్టిక్‌కు ‘క్రిమిసంహారిణి’ అనే మాట వాడితే ఈ చిక్కు తీరదు సరికదా, ఇంకా ముదురుతుంది. ఎందుకంటే రైతు ఎరిగిన ‘క్రిమిసంహారక మందు’ పైరుపై పిచికారీ చేసేది. శాస్త్రపదాలను తెలుగు చేసేటప్పుడు నిఘంటువును చూసినంతగా పొలంగట్టును చూడకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇదని నా అభిప్రాయం. ఒకే ఇంట్లో పురుగుమందు డబ్బా, గాయానికి పూసే సీసా రెండూ ఉన్నప్పుడు ఇది పరిభాషా చర్చకే పరిమితం కాదు. యాంటీసెప్టిక్‌ను అసలు సీసాలోనే, చీటీ చెరగకుండా, పిల్లలకు అందని చోట ఉంచాలి. వేరే సీసాలోకి ఒంపరాదు. ఇది పైపూతకే గాని తాగే మందు కాదన్న మాట విడిగా చెప్పవలసిందే.

‘రాయు’ అనే క్రియ మరొక చిక్కు. వైద్యుడు చీటీపై మందు ‘రాస్తాడు’, రోగి గాయంపై మందు ‘రాస్తాడు’. మొదటి రాతలో ఉన్న గాఢత, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అనే వివరాలు రెండవ రాతకు చేరుతున్నాయా అన్నదే అసలు ప్రశ్న.

3. పనిచేసే తీరు:
1811లో కనుగొన్న అయోడిన్‌ను చాలాకాలం ఆల్కహాలులో కలిపి ‘టింక్చర్’గా వాడారు. దాని మంట పాతతరం వారికి గుర్తే. 1955లో అమెరికాలో షెలాన్‌స్కీలు అయోడిన్‌ను పోవిడోన్ అనే పాలిమర్‌తో బంధించడంతో మంట తగ్గింది. ఆ బంధం నుండి అయోడిన్ కొద్దికొద్దిగా విడుదలై సూక్ష్మజీవులను నశింపజేస్తుంది. 10 శాతం ద్రావణంలో లభ్యమయ్యే అయోడిన్ 1 శాతం మాత్రమే. గోధుమరంగు వెలిసిపోతే అయోడిన్ ఖర్చయినట్లు. చీము, రక్తం, మట్టి దాన్ని త్వరగా ఖర్చు చేస్తాయి. ముందు కడగమనడం అందుకే.

ఇక్కడ ఒక విచిత్రముంది. 10 శాతం ద్రావణాన్ని సుమారు వందరెట్లు పలుచన చేసినప్పుడు స్వేచ్ఛా అయోడిన్ తగ్గదు, పెరుగుతుంది. అంతమాత్రాన ఇంట్లో నీళ్ళు కలపవచ్చని కాదు. నిల్వ తక్కువ కావడంతో అది గాయంలోని మలినానికే చెల్లిపోతుంది. పైగా యాంటీసెప్టిక్ ద్రావణం సైతం కలుషితం కావచ్చు. 1980ల తొలినాళ్ళలో అమెరికాలో పోవిడోన్ అయోడిన్ ద్రావణంలోనే సూడోమోనాస్ సెపాషియా అనే బ్యాక్టీరియా బతికి ఉన్నట్లు బయటపడింది.

4. వాడవలసిన పద్ధతి, వాడకూడని సందర్భాలు:
శుభ్రమైన నీటితో, సబ్బుతో కడిగి, పలుచగా పూసి, ఆరనివ్వాలి. ఆరకముందే బిగుతుగా కట్టు కడితే, లేదా ఒంటి కింద తడి నిలిస్తే చర్మం కాలినట్లు పొక్కుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోనూ, వెండి కలిసిన కాలిన గాయాల మందులతోనూ కలిపి వాడరాదు. లోతైన గాయంలో, విస్తారంగా కాలిన చర్మంపై వైద్యుని పర్యవేక్షణ లేకుండా పూయరాదు. అటువంటప్పుడు అయోడిన్ రక్తంలోకి అధికంగా చేరుతుంది. ‘స్క్రబ్’ అని రాసి ఉన్న 7.5 శాతం ద్రావణంలో డిటర్జెంటు ఉంటుంది. అది కంట్లో పడితే కార్నియా దెబ్బతింటుంది. శస్త్రచికిత్సకు ముందు కంటిలో వేసే 5 శాతం ద్రావణం వేరు. దాన్ని వాడేది వైద్యులే.

అధిక అయోడిన్ థైరాయిడ్ గ్రంథి పనిని అణచివేయగలదని 1948లో వోల్ఫ్, ఛైకాఫ్ చూపారు. అందువల్ల థైరాయిడ్ వ్యాధిగ్రస్తులు, లిథియం వాడేవారు, గర్భిణులు, బాలింతలు వైద్యుని అడగకుండా వాడరాదు. నవజాత శిశువులకు, ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టినవారికి, ఇంటివైద్యంగా అసలే పూయరాదు. చేపలు పడనివారికి అయోడిన్ కూడా పడదన్నది అపోహ. ఆ అలర్జీకి కారణం చేపలోని మాంసకృత్తులు.

2022 మే నెలలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 16 ఔషధాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మడాన్ని ప్రతిపాదిస్తూ ముసాయిదా విడుదల చేసింది. అందులో 5 శాతం పోవిడోన్ అయోడిన్ ఒకటి. ఐదు రోజులకు మించరాదన్న షరతు అందులో ఉంది. మధుమేహం ఉన్నవారి కాలిపుండు విషయంలో ఐదు రోజులు కూడా ఎక్కువే. పైన రంగు పూసి ఉండగా లోపల చీము పట్టడం కనిపించదు.

5. కుక్కకాటు:
ప్రాణం మీదికి వచ్చే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. కాటును వెంటనే ధారగా పడే నీటికింద, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. ఆ తరువాతనే పోవిడోన్ అయోడిన్. పసుపు, కారం, సున్నం పెట్టరాదు. యాంటీసెప్టిక్ గాయంలోని వైరస్‌ను తగ్గిస్తుందే గాని టీకాకు బదులు కాదు. చర్మం చీలి రక్తం వచ్చిన కాటుకు టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి. రేబీస్ లక్షణాలు మొదలైన తరువాత బతికినవారు అత్యంత అరుదు. తుప్పుపట్టిన కొడవలి తెగితే ధనుర్వాతం టీకా సంగతీ ఇంతే.

దద్దుర్లు, ఆయాసం, ముఖం వాపు కనిపిస్తే పూతను కడిగివేసి ఆసుపత్రికి వెళ్ళాలి. 2010లో మొదలైన భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి ఇటువంటి దుష్ఫలితాలను రోగులే 1800-180-3024 ఉచిత నంబరుకు తెలియజేయవచ్చు. ఏ మందు, ఎంత గాఢత అన్నది అక్కడ అడుగుతారు గనుక చీటీ ఉన్న సీసాను పారవేయకుండా దగ్గర ఉంచుకోవాలి.