ఇంట గట్టిన విమానము - నిప్పునకు గోడ

అమెరికా దేశమున మోటారుకారు నిలుపుకొను కొట్టమునందే విమానమును గట్టుకొనువారు వేలకొలది గలరు. 1953లో పాల్ పొబెరెజ్నీ అను నాతడు మిల్వాకీ పట్టణమున ప్రయోగాత్మక విమాన సంఘమును స్థాపించిన నాటినుండి ఈ వేడుక దేశమంతట బాకినది. నిర్మాణములో అధిక భాగము విద్యార్థమో వినోదార్థమో పూనుకొన్నవారి చేతులమీదుగానే జరిగియుండవలెనని అచ్చటి ప్రభుత్వ నిబంధన. కనుక బడిపంతులును, వైద్యుడును గూడ రివెట్లు గొట్టుట నేర్చుకొందురు. రెక్కలు గట్టుట కన్నులపండువు, చూడవచ్చినవారు మెచ్చుకొందురు. తీగెల పని అట్టిది కాదు. నెలలకొలది చేసినను కంటికి గనబడునది పిడికెడు.

అందును మిక్కిలి జాగరూకత వలసిన తావు ఇంజనునకును చోదకుని గదికిని నడుమ నిలుచు ఫైర్‌వాల్. సామాన్యముగా అది అంగుళములో వేయింట పదునైదు పాళ్ల మందము గల స్టెయిన్‌లెస్ ఉక్కు రేకు. అల్యూమినియము 660 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గరగిపోవును. ఈ ఉక్కు అందుకు రెట్టింపు వేడిమి దాటినగాని కరగదు. ఇంజనువైపు పెట్రోలు అంటుకొన్నచో, విమానము నేలకు దిగువరకు చోదకునకును మంటకును అడ్డము నిలువవలసినది ఈ పలుచని రేకే. అట్టి గోడకే కాంటాక్టర్లు బిగింపవలెను. తీగెలు పోవుటకు దానికే రంధ్రములు చేయవలెను! కోటకు దిడ్డివాకిలి వంటిది ఈ పని. వాకిలి తప్పదు, కావలియు దప్పదు.

స్టార్టరు ఇంజనును ద్రిప్పునపుడు నూరు ఆంపియర్లకు మించిన విద్యుత్తును లాగును. అంతటి ప్రవాహమును చోదకుని చేతిక్రింది చిన్న స్విచ్చి మోయజాలదు. కావున ఆ స్విచ్చి కొద్దిపాటి విద్యుత్తును మాత్రము పోనిచ్చి, గోడమీది కాంటాక్టరులోని తీగెచుట్టను అయస్కాంతముగా జేయును. ఆ అయస్కాంతము లోపలి పలకను లాగి పెద్ద దారిని గలుపును. స్విచ్చి కట్టివేసినంతనే ఆ దారి తెగును. అయితే బ్యాటరీనుండి దాని కాంటాక్టరు వరకు గల తీగె మాత్రము ఏ స్విచ్చికిని లొంగదు. అది ఎల్లవేళల సజీవమే. అందుచేత కాంటాక్టరును బ్యాటరీ చెంతనే నిలిపి, ఆ తీగెను వీలైనంత పొట్టిగా నుంచుట వివేకవంతుల పద్ధతి.

తీగెల లెక్క తలక్రిందుగా నుండును: అంకె తగ్గినకొలది తీగె లావగును. స్టార్టరునకు 2 గాని 4 గాని. చిన్న పరికరములకు 22. ఇండ్లలో వాడు పి.వి.సి. తొడుగు మండినచో ఊపిరి సలుపనీయని విషపు పొగ వెడలును గనుక విమానములో టెఫ్జెల్ తొడుగు తీగెలనే వాడుదురు. రేకు అంచు కత్తివలె వాడియైనది; ఇంజను అదురునకు రాసుకొని రాసుకొని తీగె తొడుగును గోసివేయును. రంధ్రమునకు రబ్బరు గ్రామెట్ వేసిన కోత తప్పును గాని, రబ్బరు నిప్పునకు నిలువదు. దానిపై ఉక్కు కవచమును బిగించి, సందులను అగ్నినిరోధకమైన లేపముతో బూడ్చిననే పని పూర్తియగును.

ఇన్నిటిలో పలువురు తేలికగా జూచునది భూమి తీగె. ఇంజను రబ్బరు దిమ్మలపై గూర్చుండును. రబ్బరు విద్యుత్తును బోనీయదు. కనుక జడవలె నల్లిన రాగి పట్టీ నొకదానిని ఇంజనునుండి విమాన దేహమునకు గలుపవలెను. అదురునకు విరుగకుండుటకే ఆ అల్లిక. ఆ పట్టీ లేకున్నను, తెగినను స్టార్టరు ప్రవాహము ఊరకుండదు. తిరిగి బ్యాటరీని జేరుటకు వేరు దారి వెదకును. దానికి దొరకునది థ్రాటిల్‌ను నడుపు ఉక్కు తీగె. సన్నని ఆ తీగె కాగి, తన గొట్టములోనే బిగుసుకొనిపోవచ్చును. గాలిలో థ్రాటిల్ కదలని చోదకుని అవస్థ చెప్పనక్కరలేదు.

పట్టీ ఉన్నంత మాత్రమున జాలదు. బోల్టు క్రింద రంగును గీకి లోహమును బయల్పరుపవలెను. ఓములో నూరవవంతు నిరోధము కంటికి శూన్యమే. కాని ప్రవాహము రెండువందల ఆంపియర్లైనపుడు అది రెండు వోల్టులను మ్రింగును. పండ్రెండింటిలో స్టార్టరునకు మిగులునవి పదియే.