అతుకు చల్లారాక అసలు పని

పాత కారు బాడీలో తుప్పు తిన్న చోటు కోసి కొత్త రేకు అతికిస్తే పని సగమే అయినట్టు. అతుకు మీద ఉబ్బిన లోహాన్ని చదును చేయడం, అక్కడ మళ్లీ తుప్పు పట్టకుండా కాపాడటం మిగతా సగం. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌ను గానీ, అంతకు ముందే ఆగిన ప్రీమియర్ పద్మినిని గానీ కొత్తగా తీర్చిదిద్దేటప్పుడు ఈ రెండో సగమే ఎక్కువ ఓపిక అడుగుతుంది. ఈ రెండు కార్లకూ విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. అందుకే ఫ్లోరులో, తలుపుల కింద పొడవునా ఉండే బోలు భాగంలో వేసిన అతుకును అందం కోసం అరగదీయకూడదు. పైకి కనబడని చోట ఉబ్బు అలాగే ఉన్నా నష్టం లేదు, బలం ముఖ్యం. తలుపు, మడ్‌గార్డు లాంటి కనబడే రేకుల సంగతి వేరు.

గ్యారేజీల్లో సీఓటూ వెల్డింగ్ అనే పద్ధతిలో వేసిన అతుకు త్వరగా చల్లారి, చుట్టూ ఉన్న రేకు కన్నా గట్టిపడుతుంది. చిక్కంతా ఇక్కడే. బాడీ రేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. గ్రైండర్‌ను అడ్డంగా ఆనించి తోస్తే గట్టి ఉబ్బు నెమ్మదిగా, పక్కనున్న మెత్తటి రేకు వేగంగా అరుగుతాయి. అతుకుకు రెండు వైపులా సన్నని గాళ్లు పడతాయి. చేత్తో తడిమితే నునుపుగానే ఉంటుంది కానీ అక్కడ రేకు కాగితంలా పలచబడి ఉంటుంది. అందుకని ముందు సన్నని డిస్కు అంచుతో ఉబ్బు మీద మాత్రమే నడిపి, రేకు మట్టానికి కాస్త పైనే ఆపాలి. తర్వాత 60, 80 నంబరు ఫ్లాప్ డిస్కుతో తేలిగ్గా తుడిచినట్టు చదును చేయాలి. రేకు నీలి రంగుకు తిరిగిందంటే వేడి దాదాపు 300 డిగ్రీలకు చేరినట్టే. అప్పుడు చేయి తీసేసి, చల్లారేదాకా మరో చోట పని చూసుకోవడం మేలు.

వేడికి సాగిన రేకు చల్లారేటప్పుడు అతుకు వెంట ముడుచుకుని లోపలికి లాగుతుంది. వెనుక డాలీ అనే ఇనుప దిమ్మె ఆనించి ముందు నుంచి అతుకు మీదే సుత్తితో మెల్లగా కొడితే అది సాగి మళ్లీ మట్టానికి వస్తుంది. తర్వాత చీకట్లో వెనుక నుంచి బల్బు వెలిగించి చూడాలి. వెలుతురు చుక్క కనిపించిన ప్రతిచోటా రంధ్రం ఉన్నట్టే. దాన్ని వెల్డింగ్‌తోనే పూడ్చాలి. లప్పంతో పూడ్చడం మన గ్యారేజీల్లో బాగా అలవాటైన తప్పు.

లప్పం తేమను పీలుస్తుంది. వెనుక నుంచి వచ్చిన నీరు ఆ రంధ్రం గుండా లప్పంలోకి చేరి, రేకుకూ దానికీ మధ్య తుప్పు మొదలవుతుంది. కొన్నాళ్లకు పెయింటు బుడగలా లేస్తుంది. ముందు శుభ్రమైన లోహానికి ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, దాని మీద పలచగా, రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా లప్పం వేస్తే ఈ బాధ తగ్గుతుంది. పాత కారు కొనేవారు చిన్న అయస్కాంతం దగ్గర ఉంచుకోవడం అందుకే: లప్పం మందంగా ఉన్న చోట అది పట్టుకోదు. లప్పం రాక ముందు సీసం, తగరం కలిపిన మిశ్రమాన్ని వేడి చేసి చెక్కతో పులిమేవారు. అది నీరు పీల్చదు, లోహానికి గట్టిగా అంటుకుంటుంది. అయితే సీసం పొడి విషం కాబట్టి దాన్ని గ్రైండర్‌తో అరగదీయకూడదు, ఆకురాయితోనే తీయాలి.

అసలు ప్రమాదం వెనుక వైపు. అక్కడి రంగు వెల్డింగ్ వేడికి కాలిపోతుంది. జింకు పూత ఉన్నా అంతే, ఎందుకంటే ఉక్కు కరగడానికి 1,500 డిగ్రీల దాకా కావాలి, జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది. ఆ పొగ పీలిస్తే జ్వరం కూడా రావచ్చు. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పడే చోట వెల్డింగ్‌కు ముందే జింకు ప్రైమర్ పూస్తే కొంత రక్షణ మిగులుతుంది. తర్వాత ప్రైమర్, దాని మీద సందుల్లో సీలర్ రావాలి. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే పూసి బండిని నెలల తరబడి వదిలేస్తే తేమ దాన్ని దాటి లోహాన్ని చేరుతుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. శుభ్రం చేయని అతుకు మీద తారు పూత దట్టంగా కొట్టడం మరీ చెడ్డ పని. తారు ఎండి పగిలితే నీరు దాని కిందే నిలిచి, తుప్పు ఎవరికీ కనబడకుండా పెరుగుతుంది.

చేయి దూరని బోలు భాగాల్లో చివరగా, పెయింటు కూడా అయ్యాక, పొడవాటి గొట్టంతో మైనం లాంటి ద్రవాన్ని చిమ్ముతారు. అది సందుల్లోకి పాకి, తడిని నెట్టేసి పొరలా నిలుస్తుంది. కొన్నేళ్లకోసారి మళ్లీ చిమ్మాలి. చిమ్మిన ప్రతిసారీ అడుగున నీరు పోయే రంధ్రాల్లో తీగ పెట్టి చూడాలి. అవి మైనంతో పూడుకుంటే లోపల చేరిన వాననీరు బయటికి రాదు.