మీకు తెలుసా? పడవ ఇంజిన్‌కు కారు ఆయిల్ పోస్తే కుదరదు

గోదావరికి వరదొస్తే లంకల్లోకి వెళ్లే ఎన్డీఆర్ఎఫ్ రబ్బరు పడవల వెనక బిగించేది అవుట్‌బోర్డ్ ఇంజిన్. టూ-స్ట్రోక్ రకంలో ఆయిల్ పెట్రోల్‌తో కలిసి కాలిపోతుంది. ఫోర్-స్ట్రోక్‌లో కారులోలాగే ఇంజిన్ అడుగున నిలిచి, లోపలే తిరుగుతుంది. అలాగని తణుకులో ఏ షాపులోనైనా దొరికే కారు ఆయిల్ పోసేయకూడదు.

కారు ఇంజిన్ మామూలుగా నిమిషానికి 2000-3000 చుట్లు తిరుగుతుంది. పడవది పూర్తి వేగంలో 5000-6000, అదీ గంటల తరబడి. పైగా దాన్ని చల్లబరిచేది నది నీరే. ఆ చల్లదనానికి ఇంజిన్ సరిగా వేడెక్కకుండా నెమ్మదిగా నడిస్తే, కాలని పెట్రోల్ పిస్టన్ రింగుల పక్కనుంచి ఆయిల్‌లోకి జారుతుంది. అప్పుడు డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గకపోగా పెరుగుతుంది! అది చూసి సంతోషించకండి, ఆయిల్ పల్చబడిందని అర్థం.

సింథటిక్ ఆయిల్ వేడికి, ఒత్తిడికి తొందరగా చెడదు, చిక్కదనం ఎక్కువకాలం నిలుపుకుంటుంది. పెట్రోల్ కలవడాన్ని మాత్రం ఆపలేదు. అందుకే డబ్బా మీద ‘సింథటిక్’ అన్న మాటకంటే ముందు వెతకాల్సింది ‘ఎఫ్‌సీ-డబ్ల్యూ’ ముద్ర. అమెరికాలోని పడవల తయారీదారుల సంఘం ఎన్ఎంఎంఏ ఫోర్-స్ట్రోక్ పడవ ఇంజిన్ ఆయిల్‌కు ఇచ్చే ఈ ముద్ర దక్కాలంటే, ఆ ఆయిల్ తుప్పు పరీక్ష కూడా నెగ్గాలి. మామూలు మినరల్ ఆయిల్‌కూ ఇది దక్కుతుంది. అంతర్వేది ఉప్పుగాలిలో తిరిగే ఇంజిన్‌కైనా, వరద లేనన్నాళ్లూ షెడ్డులో పడుండే ఇంజిన్‌కైనా అసలు శత్రువు తుప్పే.

ఎంత ఖరీదైన ఆయిలైనా సాధారణంగా 100 గంటలకో, ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు మార్చాల్సిందే.