ఒత్తిడి విశ్వాస లోపమా?

నర్సీపట్నం పరిసరాల్లో వేసవి మధ్యాహ్నం చెరకు తోట గట్టున నిలిచి చూస్తే, నీరందని మొక్కల ఆకులు గొట్టాల్లా చుట్టుకొని కనిపిస్తాయి. అది మొక్క ఓటమి కాదు, ఆత్మరక్షణ. నేల ఎండగానే అబ్సిసిక్ ఆమ్లమనే హార్మోను ఆకుల్లోని సూక్ష్మ రంధ్రాలను మూయిస్తుంది. నీరు ఆవిరి కావడం తగ్గుతుంది. అయితే మొక్క ఆహారం తయారు చేసుకొనేందుకు కావలసిన గాలి కూడా ఆ రంధ్రాల గుండానే రావాలి. అవి ఎక్కువ కాలం మూసుకొనే ఉంటే ఎదుగుదల కుంటుపడుతుంది. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ జొన్న, శనగ, వేరుశనగ పంటలు ఈ కరువు ఒత్తిడిని తట్టుకొనే తీరుపై దశాబ్దాలుగా పరిశోధిస్తోంది.

మనిషి దేహంలోనూ ఇటువంటి ఏర్పాటే ఉంది. హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త కెనడాలోని మాంట్రియల్‌లో ఎలుకలను చలికి, గాయాలకు, మితిమీరిన శ్రమకు గురిచేసి, ఫలితాలను 1936లో ప్రకటించాడు. బాధకు కారణం ఏదైనా దేహంలో మార్పులు ఒక్కటే: అడ్రినల్ గ్రంథులు పెరిగాయి, రోగనిరోధక శక్తికి తోడ్పడే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. ఆపద ఎదురైనప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు గుండె వేగాన్ని, రక్తంలో చక్కెరను పెంచి మనల్ని సన్నద్ధం చేస్తాయి. ఆపద తొలగితే అవి తగ్గాలి. అప్పుల చింత, ఇంటి కలహం నెలల తరబడి సాగితే దేహానికి ఆ విరామం దొరకదు. నిద్ర చెడుతుంది, రక్తపోటు పెరుగుతుంది.

కెన్యాలో బబూన్ కోతులను ఏళ్ల తరబడి పరిశీలించిన రాబర్ట్ సపోల్‌స్కీ మరో సంగతి గుర్తించాడు. తోటివాటితో చెలిమి కలిగిన కోతుల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా ఉన్నాయి. తోడు కూడా ఒక ఔషధమే!

ఇదంతా మేము ప్రస్తావించడానికి కారణం మన ఇళ్లలో తరచుగా వినిపించే ఒక మాట. నిద్ర పట్టడం లేదని, గుండె దడగా ఉందని కోడలో, కొడుకో చెప్పుకొంటే “నీ ఈమాన్ బలహీనపడింది” అని తేల్చేస్తాం. ఆ ఒక్క మాటతో వారి నోరు మూతపడుతుంది. బాధకు నింద తోడవుతుంది.

హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కుమారుని ఎడబాటుకు దుఃఖించి చూపు కోల్పోయారని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. ఆయన విశ్వాసాన్ని ఎవరు శంకించగలరు? ఆయన సహనం మౌనంగా కుమిలిపోవడం కాదు. తన వేదనను అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. వ్యాధికి చికిత్స చేయించుకోవాలని దైవప్రవక్త (స) కూడా బోధించారు.

కనుక నమాజు, దుఆలతో పాటు ఇంట్లో ఒకరి మాట ఒకరు ఓపికగా విందాం. బాధ వారాల తరబడి వీడకపోతే వైద్యుణ్ణి సంప్రదిద్దాం. ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో రేయింబవళ్లు ఉచితంగా లభిస్తుంది. వాడిన చెరకును ఏ రైతూ నిందించడు, నీరు పెడతాడు. మన బిడ్డల పట్ల మనకు ఆపాటి దయ ఉండవద్దా?